జెట్ గొట్టానికి సిల్వర్ డబ్బా ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ప్లాస్టిక్ కిట్లతో విమానాల నమూనాలు చేయడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. 2025 సెప్టెంబరు 26న మిగ్-21 వైమానిక దళం నుంచి సెలవు తీసుకుంది కాబట్టి, ఆ కిట్టు మొదలుపెట్టాలనుకునేవాళ్లకు సమయానికే అందింది. మా పేచీ ఒక్క మాటతోనే: ఎగ్జాస్ట్ గొట్టానికి సిల్వర్ పెయింట్ ఒక కోటు వేస్తే సరిపోతుందన్నారు. అలా వేస్తే విమానం వెనక కొత్త స్టీలు గ్లాసు అతికించినట్టు ఉంటుంది.

సిగ్నల్ దగ్గర ఆగిన పాత బుల్లెట్ బండి బెండ్ పైపు ఒకసారి గమనించండి. ఇంజిన్‌ని ఆనుకున్న చోట నీలం, కాస్త ఇవతల ఊదా, ఇంకా దూరంలో లేత బంగారు పసుపు. వేడికి లోహం మీద ఆక్సైడ్ పొర కడుతుంది, దాని మందాన్ని బట్టి రంగు మారుతుంది. మామూలు ఉక్కుకు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత పసుపు, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం వస్తాయి. జెట్ ఇంజిన్లలో వాడే లోహాలు వేరు, అక్కడి డిగ్రీలూ వేరు, కానీ వరస మాత్రం దాదాపు ఇదే. చాలామంది నీలాన్ని తోచిన చోటల్లా చల్లేస్తారు. వరస తప్పితే రంగు ఎంత నున్నగా పడినా కంటికి ఆనదు.

ఇక పని. గొట్టం రెండు సగాలుగా వస్తే లోపలి అతుకును పుట్టీతో నింపి, 1000, తర్వాత 2000 నంబరు వాటర్ పేపర్‌తో తడిగా రుద్దాలి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత దాచలేం, లోహపు రంగు గీతలన్నిటినీ బయటపెడుతుంది. ఆపైన ప్రైమర్, దాని మీద నిగనిగలాడే నల్లరంగు. సీసాల మీద జెట్ ఎగ్జాస్ట్, బర్న్‌ట్ ఐరన్ అనే పేర్లతో వచ్చే ముదురు లోహపు ఛాయలకు బూడిదరంగు ప్రైమర్ చాలు, నలుపు తప్పనిసరి కాదు. నలుపు ఎనామెల్ అయితే రెండు మూడు రోజులు ఆగాలి. పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల మెత్తగా ఉంటే పైన లాకర్ (ఘాటైన ద్రావకంతో చేసిన, త్వరగా ఆరే లోహపు రంగు) పడగానే పగుళ్లిస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, ఎనామెల్ వాసన వస్తుంటే ఇంకా ఎండలేదన్నమాటే.

ఆల్‌క్లాడ్ లాంటి కంపెనీల లాకర్లు సీసాలోనే పలచగా వస్తాయి, థిన్నర్ కలపక్కర్లేదు. ఎయిర్‌బ్రష్‌లో (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటి పరికరం) ఒత్తిడి 12 నుంచి 15 పీఎస్ఐ, దూరం 5 నుంచి 7 సెంటీమీటర్లు ఉంచి, పలచని పొరలు నాలుగైదు వేయాలి. ఒకేసారి తడిపేస్తే లోహపు రజను ఒకచోట చేరి మెరుపు పోతుంది.

వేడి రంగులకు టామియా కంపెనీ పారదర్శక రంగులు క్లియర్ బ్లూ (ఎక్స్-23), క్లియర్ ఆరెంజ్ (ఎక్స్-26), స్మోక్ (ఎక్స్-19) చాలు. ఊదా కావాలంటే నీలంలో కొంచెం క్లియర్ రెడ్ కలపండి. ఒక వంతు రంగుకు నాలుగైదు వంతులు థిన్నర్ పోసి, పడిందా లేదా అన్నంత పలచగా కొట్టాలి. 1/72 స్కేలులో మిల్లీమీటరు అంటే అసలు విమానం మీద 7 సెంటీమీటర్ల పైమాటే. అర సెంటీమీటరు నీలం పట్టీ వేశామంటే అక్కడ 36 సెంటీమీటర్లు వేసినట్టు! సుఖోయ్-30 ఎంకేఐ ఇంజిన్ల చుట్టూ రంగు వేయని లోహపు రేకులు ఉంటాయి, ఒక్కో రేకుది ఒక్కో ఛాయ. టేపు అంటించి విడివిడిగా వేయాలి. టేపును ముందు అరచేతికి ఒకసారి అంటించి జిగురు తగ్గించుకోండి. చివర్లో మ్యాట్ వార్నిష్ మాత్రం వద్దు, అప్పటిదాకా పడ్డ శ్రమంతా బూడిదరంగు పాలవుతుంది.

ఎయిర్‌బ్రష్ లేనివాళ్లకూ దారి ఉంది. ముదురు బూడిద మ్యాట్ రంగు బ్రష్‌తో వేసి, 6బి పెన్సిల్ ముల్లును బ్లేడుతో గీరి, ఆ పొడిని ఇయర్ బడ్‌తో రుద్దండి. మిగ్-21 గొట్టానికి ఇది సిల్వర్ పెయింట్ కంటే వెయ్యి రెట్లు నయం. స్పిట్‌ఫైర్ లాంటి పిస్టన్ విమానాల సంగతి వేరు. వాటి గొట్టాలు తుప్పు కలిసిన గోధుమరంగులో ఉంటాయి, అక్కడ మెరుపుకు చోటే లేదు.

మన ఊరి వాతావరణం గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. జులై నుంచి సెప్టెంబరు దాకా ముసురు రోజుల్లో లాకర్ కొడితే తెల్లబారుతుంది. ద్రావకం గబగబా ఆవిరై ఉపరితలం చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద చేరుతుంది. ఆ రోజుకు పని మానుకోవడమే మంచిది, లేదా రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రావకం) కలిసిన థిన్నర్‌ను పలచగా కొడితే ఆ తెలుపు కొంతవరకు పోతుంది. కంప్రెసర్‌కు మాయిశ్చర్ ట్రాప్ (గాలిలోని తేమను పట్టే బుడ్డి) లేకపోతే గాలి గొట్టంలోంచి నీటిచుక్కలే వచ్చి పడతాయి. మే ఎండల్లో దీనికి తలకిందులు: రంగు గాలిలోనే ఎండి ఇసుకలా గరుకుగా అంటుకుంటుంది. అప్పుడు దగ్గరగా కొట్టాలి, పొద్దున్నే పని ముగించుకోవాలి.

రాణిగంజ్‌లో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ చవకే, ఎయిర్‌బ్రష్ కడగడానికి భేషుగ్గా పనికొస్తుంది. ప్రైమర్ లేని ప్లాస్టిక్ మీద పడితే మాత్రం కరిగించేస్తుంది. అనుమానం ఉంటే ముందు కిట్టు ఫ్రేము ముక్క మీద చూసుకోండి.

తర్వాతి భాగంలో ఎయిర్‌బ్రష్ ప్రస్తావన ఉంటే మాస్క్ విషయం కూడా రాయించండి. ఎన్-95 రజనును ఆపుతుంది గానీ లాకర్ ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. కిటికీలు తెరవాలి, వంటగది పక్కన ఈ పని పెట్టుకోకూడదు.

ఇట్లు,
కొందరు స్కేల్ మోడలర్లు, తార్నాక, హైదరాబాద్