టీసీ చేతిలో పెట్టి పంపేస్తే సరిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

గంజాయితో దొరికిన విద్యార్థుల వార్తలు గుంటూరు, విజయవాడ పేజీల్లో తరచూ కనబడుతున్నాయి. చదవగానే అందరికీ ఇంజినీరింగ్ హాస్టళ్లే గుర్తొస్తాయి. నర్సింగ్ కాలేజీల ఊసు ఎవరూ ఎత్తరు. తెల్ల యూనిఫాం వేసుకుని వరసలో నడిచే పిల్లలు కదా, వాళ్లకిలాంటివి అంటవని జనం నమ్మకం. వాళ్లూ పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వాళ్లే. అలాంటి హాస్టళ్లలోనే ఉంటారు, అలాంటి టీ బంకుల దగ్గరే నిలబడతారు. బయట పిల్లలకు దొరికేది వాళ్లకూ దొరుకుతుంది. దానికి తోడు, బయట పిల్లలకు దొరకని మందులు కూడా వార్డులో వాళ్ల చేతికందే దూరంలో ఉంటాయి. నా భయమంతా అక్కడే.

నేను ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు గుంటూరులో ఉంటూ నర్సింగ్ విద్యార్థుల్ని క్లినికల్ పోస్టింగులకు, అంటే ఆసుపత్రి వార్డుల్లో పని నేర్చుకోవడానికి, వెంటబెట్టుకుని వెళ్తున్నాను. పోలీసులు ఏం చేయాలో చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు. మత్తుమందుల్ని అరికట్టడానికి ఈగల్ విభాగం వచ్చింది, సమాచారం ఇవ్వడానికి 1972 అనే ఫోన్ నంబరు పెట్టారు, 'డ్రగ్స్ వద్దు బ్రో' అని ప్రచారం చేస్తున్నారు. (ఆడపిల్లల హాస్టల్లో ఆ 'బ్రో' ఎవరు మేడమ్ అని ఒకమ్మాయి అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.) నేను అడిగేది కాలేజీలని. మీ విద్యార్థి మత్తు వాడుతున్నాడని తెలిసిన రోజు మీరేం చేస్తున్నారు?

నేను చూసింది చెబుతాను. ఒక కాలేజీలో మూడో సంవత్సరం కుర్రాడి బ్యాగులో గంజాయి పొట్లం దొరికింది. వార్డెన్ ప్రిన్సిపాల్‌కి చెప్పింది, ప్రిన్సిపాల్ యాజమాన్యానికి చెప్పారు. సాయంత్రానికల్లా నరసరావుపేట అవతల నుంచి వాళ్ల నాన్నని పిలిపించారు. మిర్చి కోతల రోజులు, కూలీలని చేలో వదిలేసి వచ్చాడాయన. ఆఫీసు గది తలుపేసి కాసేపు మాట్లాడారు. 'సొంత కారణాల వల్ల చదువు మానుకుంటున్నాను' అని కుర్రాడి చేత రాయించుకుని టీసీ చేతిలో పెట్టారు. అందులో ప్రవర్తన అన్నచోట 'సంతృప్తికరం' అని ఉంది. కాలేజీ పేరు బయటికి రాలేదు, కేసు కాలేదు, ఊళ్లో తండ్రి పరువు పోలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

కొన్నాళ్లకు మా ఆడపడుచుని చూడటానికి వేరే ఊళ్లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్తే, నైట్ డ్యూటీలో ఉన్నది ఆ కుర్రాడే. అక్కడ అందరూ అతన్ని 'బ్రదర్' అంటున్నారు. డిగ్రీ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. సెలైన్లు మారుస్తున్నాడు, ఇంజెక్షన్లు చేస్తున్నాడు. నన్ను చూసి "మేడమ్, మీరా" అని కుర్చీ తెచ్చి వేశాడు. మంచి పిల్లాడే. అతను సూది పెడితే పేషెంటుకి నొప్పి తెలిసేది కాదు, అంత మెత్తని చెయ్యి. మానేశావా నాన్నా అని అడగాలని నోటి దాకా వచ్చింది. పేషెంట్ల మధ్య ఎలా అడుగుతాను? అడగాల్సిన వాళ్లు ఆ రోజు ఆఫీసు గదిలో అడగలేదు. ఎప్పటినుంచి వాడుతున్నావు, రోజూనా, డ్యూటీకి ముందు కూడానా, వార్డులోంచి ఏమైనా తీశావా... ఇందులో ఒక్కటీ అడక్కుండానే ఫైలు మూసేశారు.

క్లాసులో ఈ విషయం ఎత్తితే పిల్లలు ఊరుకోరు. "ఆదివారం రాత్రి నా రూములో నేనేం చేసుకుంటే వార్డుకేంటి మేడమ్, సోమవారం టైముకి డ్యూటీకొస్తున్నాగా?" అంటాడు ఒకడు. "పెద్ద డాక్టర్లు తాగరా మేడమ్?" అంటుంది ఇంకో అమ్మాయి. ఆ అమ్మాయికి నేను అబద్ధం చెప్పను. తాగేవాళ్లున్నారు. తాగి డ్యూటీకి వచ్చినవాళ్లనీ నా సర్వీసులో చూశాను, వాళ్లని ఎవరూ పల్లెత్తు మాట అనకపోవడమూ చూశాను. అది తప్పే. ఆ తప్పు మీకూ కావాలా అని మాత్రం అడుగుతాను.

ఆదివారం కుర్రాడి కోసం ఇన్సులిన్ సిరంజిలు తెచ్చి బల్ల మీద పెడతాను. ఎర్ర మూతది మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి కొలిచే సిరంజి, నారింజ మూతది 100 యూనిట్లుండేదానికి. 100 బలం ఉన్న ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజితో 10 గీత వరకు లాగితే పేషెంటుకి వెళ్లేది 25 యూనిట్లు. షుగర్ పడిపోయి తెల్లారేసరికి మనిషి లేవకపోవచ్చు. దీనికి పెద్ద తెలివితేటలతో పనిలేదు, ఆ క్షణంలో మూత రంగు, సీసా మీది అంకె చూడాలి. గంజాయి దెబ్బతీసేది ఆ ధ్యాసనే. ఇప్పుడే విన్నది మరిచిపోవడం, టైము ఎంతైందో తెలియకపోవడం, చేస్తున్న పని మీద మనసు నిలవకపోవడం. నిషా దిగిందనుకున్నాక కూడా ఆ మందకొడితనం కొందరిలో మర్నాడూ ఉంటుంది, రోజూ వాడేవాళ్లలో ఇంకా ఎక్కువ. "నేను అంత తాగను మేడమ్" అన్నాడు కుర్రాడు. ఎంత తాగితే మూత రంగు కనపడదో కొలిచే గ్లాసు నా దగ్గర లేదని చెప్పాను.

ల్యాంప్ లైటింగ్ రోజున, అంటే నర్సింగ్ పిల్లలు ప్రమాణం చేసే వేడుక నాడు, తల్లులు పట్టుచీరలు కట్టుకుని వస్తారు, నాన్నలు ఫోన్లలో వీడియో తీస్తారు. పిల్లలు దీపాలు పట్టుకుని నైటింగేల్ ప్రతిజ్ఞ ఇంగ్లీషులో చదువుతారు. దాన్ని ఆధునిక నర్సింగ్‌కి ఆద్యురాలైన ఫ్లోరెన్స్ నైటింగేల్ రాయలేదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక నర్సింగ్ స్కూలు వాళ్లు ఆవిడ పేరుతో రాసుకున్నారు. హాని చేసే మందు ఏదీ నేను తీసుకోను, తెలిసి ఇంకొకరికి ఇవ్వను అని అందులో ఉంది. తీసుకోను అన్నదే ముందు. మందుల బీరువా పక్కన పనిచేసే మనిషికి ప్రమాదం ఎటునుంచి వస్తుందో 130 ఏళ్ల కిందటే వాళ్లకి తెలుసు. మన కాలేజీల్లో ఆ వాక్యాన్ని విడమరచి చెప్పేవాళ్లని నేను పెద్దగా చూడలేదు. ఫొటోలయ్యాక సమోసాలు పంచుతారు.

ఇక వార్డు సంగతి. ఆపరేషన్ థియేటర్లోనో ఐసీయూలోనో ఫెంటనిల్ యాంపుల్ (చాలా బలమైన నొప్పిమందు ఉన్న చిన్న గాజు సీసా) విరుస్తారు. రెండు మిల్లీలీటర్ల యాంపుల్‌లో 100 మైక్రోగ్రాములు ఉంటుంది. పేషెంటుకి 50 ఇస్తే మిగిలిన ఒక మిల్లీలీటరుని ఇంకొకరు చూస్తుండగా పారబోయాలి, ఇద్దరూ రిజిస్టర్‌లో సంతకం చేయాలి, ఖాళీ యాంపుల్ లెక్కకి అప్పజెప్పాలి. మరి జరిగేదేమిటి? డ్యూటీ దిగేముందు సంతకాలన్నీ ఒక్కసారే గిలికేస్తారు. చూసినట్టు సంతకం పెట్టిన సిస్టర్ ఆ సమయానికి ఏ బెడ్ దగ్గర ఉందో ఆమెకే తెలియదు. అన్నిచోట్లా ఇంతే అనను. తాళంచెవి నడుము నుంచి దించని ఇన్‌ఛార్జ్ సిస్టర్ల దగ్గర నేనూ పని నేర్చుకున్నాను. వాళ్లని చూసి భయపడేవాళ్లం, తిట్టుకునేవాళ్లం కూడా. కానీ స్టూడెంట్లు పక్కన నిలబడ్డ స్టాఫ్‌ని చూసే నేర్చుకుంటారు. చూడకుండా సంతకం పెట్టొచ్చని మొదటి ఏడాదిలోనే కనిపెట్టిన పిల్లాడికి, ఆ మిగిలిన మిల్లీలీటరు ఎటుపోయినా అడిగేవాళ్లు లేరని తెలియడానికి ఎంతోకాలం పట్టదు. నొప్పిమందు నర్సు వాడేసుకుని పేషెంటుకి సెలైన్ నీళ్లు ఎక్కించిన కేసులు విదేశాల్లో కోర్టుల దాకా వెళ్లాయి. ఆపరేషనైన మనిషి నొప్పికి అరుస్తుంటే, ఇచ్చాంగా, అని రిజిస్టర్ చూపిస్తే ఆ మనిషి ఎవరితో చెప్పుకుంటాడు?

నిద్రమాత్రల్ని అయితే మత్తుగా లెక్కపెట్టే అలవాటే లేదు. చాలాచోట్ల స్టాఫ్ లేని లోటుని స్టూడెంట్లతో పూడుస్తున్నారు. రాత్రంతా నైట్ చేసి, పొద్దున తొమ్మిదికి క్లాసులో కూర్చోవాలి. మధ్యాహ్నం పడుకుందామంటే హాస్టల్ గోలకి నిద్రపట్టదు. రూమ్మేటు సగం అల్ప్రాజోలం ఇస్తుంది. కొన్నాళ్లకు సగం చాలదు. నడుంనొప్పికని ట్రమడాల్ కూడా ఇలాగే మొదలవుతుంది. అల్ప్రాజోలం ఎన్డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) జాబితాలో ఉన్న మందు, ట్రమడాల్‌ని 2018లో ఆ జాబితాలో చేర్చారు. మా పిల్లలు వీటిని దగ్గుబిళ్లల్లా పంచుకుంటారు. క్రమశిక్షణ గురించి ఉపన్యాసాలిచ్చే యాజమాన్యాలు ముందు నైట్ డ్యూటీల చార్టు సరిచేయాలి.

మత్తు అనగానే అబ్బాయిల గదులే సోదా చేస్తారు. అల్లూరి జిల్లా నుంచి వచ్చిన గిరిజన పిల్లలైతే ఇంకా అన్యాయం. గంజాయి అటువైపు పండుతుంది కాబట్టి వీళ్లే మోసుకొస్తారని ఒక వార్డెన్ నాతోనే అంది. పాడేరు అమ్మాయి ఒకతె ఇంటికి వెళ్లొచ్చిన ప్రతిసారీ గేటు దగ్గరే బ్యాగు విప్పించేవాళ్లు. పసుపు, రాజ్మా తప్ప ఏనాడూ ఏమీ దొరకలేదు. కారులో దిగే పిల్లల బ్యాగులు ఎవరూ విప్పలేదు.

అందరికీ మూత్రపరీక్ష పెట్టేస్తే సరి అనే వాళ్లున్నారు. పరీక్ష దండగ అనను, కానీ అది ఏం చెబుతుందో తెలిసి చేయాలి. గంజాయి ఒకసారి వాడితే కొద్దిరోజులు, రోజూ వాడితే వారాల తరబడి మూత్రంలో కనబడుతుంది. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ పిల్లాడు ఇవాళ మత్తులో ఉన్నట్టు లెక్క కాదు. కోడీన్ ఉన్న దగ్గుమందు తాగినా ఓపియేట్ స్ట్రిప్ (నల్లమందు జాతి మందుల్ని మూత్రంలో పట్టే పట్టీ) పాజిటివ్ చూపించవచ్చు. అదే స్ట్రిప్‌కి ఫెంటనిల్ అందదు, దానికి వేరే పరీక్ష చేయాలి. అంటే వార్డులో అన్నిటికన్నా ప్రమాదమైన మందు వాడినవాడు దర్జాగా నెగెటివ్ కాగితం తెచ్చుకోవచ్చు. ల్యాబ్‌లో మరోసారి నిర్ధారించకుండా ఒక స్ట్రిప్‌ని చూసి పిల్లల చదువు తీసేయకూడదు.

నా మటుకు నా మాట ఇది. అనుమానం బలంగా ఉంటే ఆ క్షణమే వార్డు నుంచి బయటికి, అందులో బేరం లేదు. అబ్బాయైనా, అమ్మాయైనా, యాజమాన్యం బంధువైనా అంతే. ఆ తర్వాత ఎంత వ్యసనం, ఏం చికిత్స అన్నది మానసిక వైద్యులు తేల్చాలి, ప్రిన్సిపాల్ గదిలో తేలే విషయం కాదది. తనంతట తాను వచ్చి "మేడమ్, నావల్ల కావట్లేదు" అని చెప్పుకున్న పిల్లకి సీటు పోకూడదు. చికిత్స అయ్యాక, డాక్టరు సరేనంటే, మందుల తాళంచెవికి దూరంగా, ఒక సిస్టర్ కనుసన్నల్లో మళ్లీ పని మొదలుపెట్టించవచ్చు. కానీ వార్డు మందు తీసి రిజిస్టర్‌లో దొంగ లెక్క రాసినవాళ్ల సంగతి వేరు. చికిత్స అందరికీ ఒకటే కదా అని నా తోటి టీచర్లు కొందరు వాదిస్తారు. చికిత్స ఇవ్వండి, కాదనను. పేషెంటు నొప్పిమందు ఎత్తుకెళ్లిన చేతికి మళ్లీ తాళంచెవి ఇవ్వమంటే నేను ఒప్పుకోను.

చట్టం కూడా మన కాలేజీల కన్నా ఓపికగా ఉంది. 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం గంజాయి వాడినందుకే ఆరు నెలల దాకా, మార్ఫిన్, హెరాయిన్ లాంటివైతే ఏడాది దాకా జైలు పడొచ్చు. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వ్యసనంలో పడ్డవాళ్లు స్వచ్ఛందంగా గుర్తింపు ఉన్న చోట చికిత్సకు చేరి పూర్తిచేస్తే, వాడినందుకు, కొద్దిపాటి సరుకు ఉన్నందుకు విచారణ నుంచి మినహాయింపు పొందవచ్చు. అమ్మినవాళ్లకి కాదు, వాడినవాళ్లకే. ఈ ముక్క చెబితే క్లాసంతా ఆశ్చర్యపోయింది. గల్ఫ్, బ్రిటన్, జర్మనీ అని కలలుగనే పిల్లలు వీళ్లు. పోలీసు క్లియరెన్స్ రాదేమోనన్న టెన్షన్‌తోనే నోరు విప్పరు.

విజయవాడలోనే ఉన్న ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌ని నేను కోరేది పెద్దదేమీ కాదు. మత్తు విషయం బయటపడితే ఏం చేస్తారో ప్రతి కాలేజీ రాతపూర్వకంగా చెప్పాలి, అడ్మిషన్ రోజే ఆ కాగితం పిల్లల చేతికీ తల్లిదండ్రుల చేతికీ ఇవ్వాలి. 'సొంత కారణాలు' అని రాయించి పంపే పద్ధతి ఆపాలి. పంపించే ముందు చికిత్సకి చేర్చినట్టు రుజువు ఉండాలి. రిజిస్ట్రేషన్ లేని 'బ్రదర్ల'తో రాత్రిళ్లు నెట్టుకొస్తున్న నర్సింగ్ హోముల్ని తనిఖీ చేసే బాధ్యత ఉన్నవాళ్లు పగలు కాకుండా రాత్రి పది దాటాక వెళ్లి చూడాలి. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త కమిషన్ చట్టం చేసింది. నర్సుల రిజిస్టర్, ప్రమాణాలు దాని పరిధిలోకే వస్తాయి కాబట్టి, ఈ నియమాలు రాయడానికి ఇంతకన్నా సరైన సమయం లేదు.

ఈలోపు ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీద రెండు నంబర్లు పెట్టండి. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416. దయచేసి వాటి కింద ప్రిన్సిపాల్ సెల్ నంబరు మాత్రం రాయొద్దు. అది చూస్తే పై రెండు నంబర్లకి కూడా ఎవరూ ఫోన్ చేయరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
బ్రాడీపేట, గుంటూరు.

(పేరు ప్రచురించవద్దని మనవి. నేను చెప్పిన పిల్లలు ఎవరో ఆరా తీస్తారు.)