కాపీరైట్ కంప్లైంట్ వస్తే మన ఇంటి అడ్రస్ ఎవరి చేతికి పోతోంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను చెన్నై వెస్ట్ మాంబళంలో ఉంటానండి, ఇరవై రెండేళ్లుగా ఇంట్లోనే పిల్లలకి సంగీతం చెప్తున్నా. వచ్చేవాళ్లలో సగం పైన తమిళ పిల్లలే, వాళ్లకి కీర్తనల్లో తెలుగు మాట తెలుగులా పలికించడం, భ ని బ అనకుండా, ధ ని ద అనకుండా అలవాటు చేయడం నా పనిలో పెద్ద భాగం. మీ పేపర్ మా ఇంటికి మా మామగారి కాలం నించి వస్తోంది. పైరసీ వార్తలు మీరు బాగానే వేస్తారు, ఏ సైట్ బ్లాక్ చేశారు, ఎవర్ని పట్టుకున్నారు అన్నీ వస్తాయి, కానీ కాపీరైట్ కంప్లైంట్ ఒకటి మన మీద పడితే, అది నిజమో అబద్ధమో ఇంకా ఎవరూ తేల్చకముందే మన పేరు, ఇంటి నంబర్, ఫోన్ నంబర్ ఎవరి చేతికి పోతాయో మాత్రం ఎక్కడా చదవలేదు, నాకు జరిగాకే తెలిసింది, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా.

కిందటి మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, మా పిల్లలు ఆరుగురు హాల్లో చాప మీద కూర్చుని ఒక త్యాగరాజ కీర్తన పాడారు. శ్రుతి బాక్స్ తప్ప ఇంకే వాయిద్యం లేదు. మా అబ్బాయి ఫోన్‌తో తీసి ఒక వీడియో సైట్‌లో పెట్టాడు, వాళ్ల అమ్మమ్మలు తాతయ్యలు ఊళ్లో ఉండి చూసుకుంటారని. మూడు వారాలకి మెయిల్ వచ్చింది, ఇందులో ఉన్న రికార్డింగ్ మాదని ఎవరో కంప్లైంట్ పెట్టారు, వీడియో తీసేశాం, మీ చానెల్‌కి ఒక స్ట్రయిక్, అంటే తప్పు చేసినట్టు ఒక హెచ్చరిక, పడింది అని. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, మన కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాళ్లు పోయాక 60 ఏళ్లకే ఆ రచన మీద హక్కు అయిపోతుంది. ఎవరైనా విద్వాంసులు పాడి రిలీజ్ చేసిన రికార్డింగ్‌కి వేరే హక్కు ఉంటుంది, అదీ 60 ఏళ్లే, అలాంటి రికార్డింగ్ ఎత్తి పెట్టుకుంటే తప్పే, ఒప్పుకుంటా. ఇక్కడున్నది మా పిల్లల గొంతులే కదా.

సరే మన వైపు న్యాయం ఉందని అదే రాత్రి కౌంటర్ నోటీస్ ఫామ్, అంటే ఆ కంప్లైంట్ తప్పు, వీడియో తిరిగి పెట్టండి అని రాసిచ్చేది, నింపేశా. పూర్తి పేరు అడిగింది రాశా, అడ్రస్ అడిగింది డోర్ నంబర్‌తో సహా రాశా, ఫోన్ రాశా, ఇదంతా ఆ సైట్ వాళ్ల దగ్గరే ఉంటుందనుకున్నా. ఉండదండి. అమెరికాలో 1998లో తెచ్చిన డీఎంసీఏ అనే చట్టం ఉంది, ఈ పెద్ద సైట్లన్నీ దాని ప్రకారమే నడుస్తాయి, అందులో కౌంటర్ నోటీస్ ఇచ్చేవాళ్లు పేరు, అడ్రస్, ఫోన్ ఇచ్చి తీరాలని ఉంది, ఆ కాపీని సైట్ వాళ్లు కంప్లైంట్ పెట్టినవాళ్లకి పంపాలనీ ఉంది. పైగా అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నా అని కూడా మనమే రాసివ్వాలి. అదే కంప్లైంట్ పెట్టేవాళ్లకి మాత్రం వాళ్లని కాంటాక్ట్ చేయడానికి సరిపడా వివరాలుంటే చాలు. నాకొచ్చిన మెయిల్లో అవతల మనిషిది ఒక కంపెనీ పేరు, ఒక ఈమెయిల్, అంతే. నా డోర్ నంబర్ వాళ్లకెళ్లింది, వాళ్లది ఏ ఊరో కూడా నాకు తెలీదు.

నాలుగో రోజు సాయంత్రం ఫోన్. తెలుగులోనే మాట్లాడాడు, అమ్మా కేసు వేస్తే మీకు మూడేళ్లు జైలు, నలభై వేలు పంపిస్తే కంప్లైంట్ వెనక్కి తీసుకుంటాం అన్నాడు. నేనేమీ మాట్లాడకపోయేసరికి నా అడ్రస్ మొత్తం చదివాడు, చదివి, అయిదింటికి క్లాస్ కదా, చిన్న పిల్లలు వస్తారుగా అన్నాడు. ఆ ఒక్క మాటతో నా కాళ్లూ చేతులూ ఆడలేదండి. రెండు వారాలు క్లాస్ ఆపేశా, పిల్లల తల్లులకి ఒంట్లో బాలేదని చెప్పా. నలభై వేలు కట్టేద్దామా అని మా వారితో కూడా అన్నా.

హైకోర్టులో అడ్వకేట్‌గా చేస్తున్న మా పిన్ని కొడుకు ఉన్నాడు, వాడికి చెప్తే ముందు నన్ను కోప్పడ్డాడు, అక్కా నాకొక ఫోన్ చేసి ఉంటే నా ద్వారా పంపేవాళ్లం కదా అని. చాలా సైట్లు లాయర్ ద్వారా పంపే కౌంటర్ నోటీస్ తీసుకుంటాయట, అప్పుడు మన ఇంటి అడ్రస్ బదులు లాయర్ ఆఫీస్ అడ్రస్ ఇవ్వచ్చు. మరి దొంగ పేరు, దొంగ అడ్రస్ పెడితే ఏమవుతుంది అని అడిగా. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు, అది ప్రమాణం చేసి ఇచ్చే కాగితం, అందులో అబద్ధం రాస్తే లేని నేరం మనమే తెచ్చుకున్నట్టు అన్నాడు.

వాడు చెప్పిందే ఇంకొకటి, ఇది అందరికీ తెలియాలి. మన కాపీరైట్ చట్టం 1957లోనే సెక్షన్ 60 అని ఉంది. కాపీరైట్ పేరు చెప్పి ఎవరైనా ఆధారం లేకుండా బెదిరిస్తుంటే బెదిరింపు పడ్డవాళ్లే కోర్టుకెళ్లచ్చు, ఈ బెదిరింపులకి ఆధారం లేదని తేల్పించుకోవచ్చు, ఇంకోసారి బెదిరించకుండా ఆర్డర్ తెచ్చుకోవచ్చు, నష్టం జరిగితే పరిహారం కూడా అడగచ్చు. అవతలివాళ్లు నిజంగా కేసు వేసి నడిపిస్తే అది వర్తించదు, ఊరికే ఫోన్లు చేసి డబ్బులడిగేవాళ్లకే అది. మావాడు ఆ సెక్షన్ పెట్టి వాళ్ల ఈమెయిల్‌కి లెటర్ పంపాడు. ఫోన్లు ఆగిపోయాయి. కౌంటర్ నోటీస్ వెళ్లాక పది నుంచి పద్నాలుగు పనిరోజుల్లో అవతలివాళ్లు కోర్టుకెళ్లినట్టు చూపించకపోతే వీడియో తిరిగి పెట్టాలని అదే అమెరికా చట్టంలో ఉంది, వాళ్లు చూపించలేదు, వీడియో తిరిగొచ్చింది. నా అడ్రస్ మాత్రం తిరిగి రాదు కదండీ.

ఇది నా ఒక్కదానికే జరిగిందనుకుంటే పొరపాటు. 2019లో అమెరికాలో యూట్యూబ్ కంపెనీ ఒమాహా ఊరి మనిషి మీద కోర్టుకెళ్లింది. వీడియో గేములు ఆడి పెట్టుకునే వాళ్ల మీద దొంగ కంప్లైంట్లు పెట్టి డబ్బులడిగాడని, వాళ్లలో ఒకాయన కౌంటర్ నోటీస్ ఇస్తే అందులోంచి అడ్రస్ తీసుకుని ఆ ఇంటి మీదకి అబద్ధపు ఫోన్‌తో పోలీసుల్ని పంపించాడని ఆరోపణ. చివరికి 25,000 డాలర్లు కట్టి క్షమాపణ చెప్పుకున్నాడు. అది చదివాక నా భయం అనవసరం కాదని తెలిసింది.

మన దగ్గర రూల్ వేరేలా ఉంది, నా ఉద్దేశంలో అదే మేలు. 2013 కాపీరైట్ రూల్స్‌లో 75వ రూల్ చూస్తే, కంప్లైంట్ ఇచ్చేవాళ్లు రాతపూర్వకంగా ఇవ్వాలి, కోర్టులో కేసు వేసి 21 రోజుల్లో ఆర్డర్ తెస్తామని మాటివ్వాలి, తేకపోతే సైట్ వాళ్లు మళ్లీ పెట్టేసుకోవచ్చు. అంటే నిరూపించే బరువు అడిగినవాళ్ల మీదే ఉంది, తప్పు చేయలేదని చెప్పుకోవడానికి మన ఇంటి నంబర్ ఎదుటివాడికి అప్పజెప్పక్కర్లేదు. పెద్ద సైట్లు మన దేశం వాళ్ల గొడవలకైనా ఈ పద్ధతి ఎందుకు పాటించకూడదు?

ఇంక మా వీధి చివర ఒక మ్యాన్షన్ ఉంది, నెల్లూరు, ఒంగోలు నించి వచ్చి ఓఎంఆర్ రోడ్డులోని ఐటీ కంపెనీల్లో చేసే కుర్రాళ్లు ఉంటారు. ఒక్కడి పేరు మీద వైఫై, ఎనిమిది మంది వాడతారు. ఎవరు ఏ టొరెంట్ (జనం ఒకరి కంప్యూటర్ నించి ఒకరు ఫైళ్లు దించుకునే పద్ధతి) నించి సినిమా దించినా ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబర్, బయటికి కనిపిస్తుంది, టొరెంట్ పనిచేసేదే అలా, దించుకునేవాళ్ల ఐపీ ఒకరిది ఒకరికి తెలియాలి. కానీ ఆ ఐపీ కనెక్షన్‌ది, మనిషిది కాదు. పైగా మన దేశంలో చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఒకేసారి చాలా మంది కస్టమర్లకి పంచుతాయి, కచ్చితమైన టైమూ, ఆ ఐపీలో ఏ కస్టమరో విడదీసి చూపే పోర్ట్ నంబరూ లేకుండా ఏ ఇల్లో కూడా చెప్పలేరు. అలాంటిది ఉత్త ఐపీ నంబర్ పట్టుకుని ఫలానావాడే దొంగ అంటే బిల్లు కట్టే పాపానికి ఆ ఒక్క కుర్రాడు ఇరుక్కుంటాడు.

ఈ వరస ఎక్కడిదాకా పోగలదో అమెరికాలో ప్రెండా అనే లాయర్ల ముఠా చూపించింది. బూతు సినిమాలు వాళ్లే టొరెంట్లలో పెట్టి, దించుకున్నవాళ్ల ఐపీలు పట్టుకుని, కోర్టు ద్వారా ఇంటర్నెట్ కంపెనీల నించి పేర్లు తీసుకుని, సుమారు 4,000 డాలర్లు కట్టండి లేకపోతే మీ పేరు బయటికొస్తుంది అని ఉత్తరాలు పంపారు. తప్పు చేయనివాళ్లు కూడా పరువు కోసం కట్టేశారు. 2019లో వాళ్లలో ఒకడికి 14 ఏళ్లు, ఇంకొకడికి 5 ఏళ్లు శిక్ష పడింది. అంతకుముందే 2003లో వెరైజన్ అనే ఇంటర్నెట్ కంపెనీ కేసులో వాషింగ్టన్ అప్పీల్ కోర్టు, మామూలుగా ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ నించి జడ్జి చూడకుండా ఉత్త కోర్టు క్లర్క్ సంతకంతో కస్టమర్ పేరు లాగడం కుదరదని చెప్పింది. ఆ తర్వాత పేరు తెలియని మనుషుల మీద కేసు వేసి జడ్జి అనుమతితోనే అడగాల్సి వచ్చింది, కస్టమర్ కూడా కోర్టుకెళ్లి నా పేరు ఇవ్వొద్దు అని అడిగే దారి ఉంది.

మన కోర్టుల్లో ఈ పేరు తెలియని మనిషికి అశోక్ కుమార్ అని పేరు. 2012లో మన మద్రాస్ హైకోర్టులోనే ఒక తమిళ సినిమా వాళ్లు ఇలా పేరు తెలియనివాళ్ల మీద, మా సినిమా దొంగతనంగా పెట్టకూడదని ఆర్డర్ తెచ్చుకున్నారు, దాన్ని పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు విమియో లాంటి వీడియో సైట్లని మొత్తానికి మొత్తం ఆపేశాయి, జూన్‌లో కోర్టే మళ్లీ ఫలానా లింకులకే ఆ ఆర్డర్ అని చెప్పాల్సి వచ్చింది. ఆర్డర్‌లో లేనిది కూడా కంపెనీలు భయపడి చేసేస్తాయి అనడానికి ఇదే నిదర్శనం, రేపు కస్టమర్ల పేర్లిచ్చే విషయంలోనూ ఇంతే జరిగితే?

చట్టం ప్రకారం ఇంటర్నెట్ కంపెనీగానీ సైట్‌గానీ మన వివరాలు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకూడదు. 2021 ఐటీ రూల్స్‌లో 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి అన్నది అధికారం ఉన్న ప్రభుత్వ ఏజెన్సీ రాతపూర్వకంగా అడిగితేనే, సినిమా కంపెనీ మెయిల్ పెడితే కాదు. 2017లో సుప్రీంకోర్టు 9 మంది జడ్జిలు ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. మూడేళ్ల జైలు అన్న మాట మాత్రం అబద్ధం కాదు, సెక్షన్ 63లో ఆరు నెలల నించి మూడేళ్ల దాకా ఉంది, 2022లో సుప్రీంకోర్టు ఇది పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం అని, బెయిల్ హక్కుగా రాదని కూడా చెప్పింది, అందుకే ఆ మాటతో జనం హడలిపోతారు. అయినా ఇలాంటి కేసుల్లో పోలీసులు మామూలుగా ముందు నోటీస్ ఇచ్చి పిలవాలి, పోలీసులమని చెప్పి వీడియో కాల్‌లో కదలనివ్వకుండా కూర్చోబెట్టే డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

నాలాంటి వాళ్లకి ఒక్కటే చెప్తా, మెయిల్ రాగానే ఏ ఫామూ నింపకండి, ఏదీ డిలీట్ కూడా చేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని లాయర్‌కి చూపించండి. మీ పేపర్‌ని అడిగేది ఏంటంటే, రెండు విషయాలు గట్టిగా రాయండి. కౌంటర్ నోటీస్ అడ్రస్ సైట్ దగ్గరే ఉండి, అవతలివాళ్లు కేసు వేశాకే కోర్టు ద్వారా వెళ్లాలి. ఇంటర్నెట్ కంపెనీ ఏ కాపీరైట్ సివిల్ కేసులోనైనా పేరిచ్చే ముందు ఆ కస్టమర్‌కి చెప్పి, లాయర్‌ని పెట్టుకునేంత టైమివ్వాలి.

క్లాస్ మళ్లీ మొదలుపెట్టా. అయిదింటికి కాదు, ఉదయం ఆరున్నరకి, వచ్చే పిల్లల్ని తల్లులే దింపి తల్లులే తీసుకెళ్తున్నారు. ఉత్తరం వేస్తే నా పేరూ వీధీ వేయొద్దని మనవి.

ఇట్లు,
ఒక సంగీతం టీచర్,
వెస్ట్ మాంబళం, చెన్నై