పాత ఇంజన్‌ను కాదు, కొత్త పెట్టెను మార్చండి

సంపాదకుల వారికి నమస్కారం.

పాతకాలపు రేకు బొమ్మ ఇంజన్లకు జతగా మోడల్ రైలు పెట్టెలను మలుచుకునే అభిరుచి గలవారికి ఈ లేఖ ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికాకు చెందిన బొమ్మ రైళ్ల సంస్థ లయనెల్ చేసిన ‘ఓ’ (O) గేజ్ ఇంజన్లకూ నేటి ‘ఓ’ గేజ్ పెట్టెలకూ పట్టాల మధ్య ఎడం సుమారు 32 మిల్లీమీటర్లే అయినా, 1:48 నిష్పత్తిలో, అంటే అసలు రైలు పెట్టెలో 48వ వంతుగా చేసిన కొత్త పెట్టె ఆ పొట్టి ఇంజన్ వెనుక కొండలా కనిపిస్తుంది; పైగా 1945లో వచ్చిన పిడికిలి ఆకారపు కొక్కెం పాత గొళ్లెపు కొక్కేనికి తగులుకోదు. అందుకని కొందరు ఇంజన్ కొక్కేన్నే పీకి, రంగు గీకి, కొత్తగా పూస్తున్నారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఒకసారి పోయిన అసలు రంగు మళ్లీ రాదు.

మార్చవలసింది పెట్టెను. పొట్టి పెట్టెను ఎంచుకుని, దాని చక్రాల చట్రానికి పాత తరహా కొక్కెం బిగించి, ఎత్తు సరిపోయేదాకా వాషర్లు చేరిస్తే చాలు. రంగుకే ఓపిక కావాలి. నా ఎర్ర పెట్టెకు డబ్బాలోని ఎరుపును ఉన్నదున్నట్టు పూస్తే ఇంజన్ మాసినట్టు కనిపించింది. చిటికెడు గోధుమరంగు కలిపి, పగటి వెలుతురులో పోల్చుకుని పూశాకే రెండూ కలిశాయి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కనుక వాటిని గరుకు కాగితంతో పొడిగా రుద్దవద్దని కూడా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు