నీళ్ల పోరాటానికి గుర్తు ఏదీ?

సంపాదకులకు,

వేసవి వచ్చిందంటే సీమకు నీళ్లు రాకపోయినా వాట్సాప్ గ్రూపుల్లోకి పోస్టర్లు మాత్రం వరదలా వస్తాయి. హంద్రీ-నీవా ఎత్తిపోతల కానీ, కృష్ణానదిపై కట్టమంటున్న సిద్ధేశ్వరం అలుగు కానీ, సీమకు నీళ్ల హామీ ఇచ్చిన 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం కానీ, పోస్టరు తీరు ఒకటే. పైన నాయకుల ముఖాలు, కింద నిర్వాహకుల పేర్లు, మధ్యలో ఇరుక్కుపోయిన డిమాండు. పోరాటాన్ని ఒక్క గుర్తులో చెప్పే పనిలో ఇథియోపియాలోని ఒరోమోలు మనకంటే చాలా ముందున్నారు.

ఒరోమోలు ఆ దేశంలో అతిపెద్ద జాతి. రాజధాని అడిస్ అబాబాను చుట్టుపక్కల ఒరోమో రైతుల భూముల మీదికి పెంచే మాస్టర్ ప్లాన్‌పై 2014లో విద్యార్థులు కదిలారు. 2015 నవంబరులో గించి పట్టణం నుంచి ఆందోళన మళ్లీ రాజుకుంది. 2016 జనవరిలో ప్రభుత్వం ప్లాన్ విరమించుకున్నా నిరసనలు ఆగలేదు. వాళ్ల గుర్తు, సంకెళ్లు వేసినట్టు తలపైన అడ్డంగా పెట్టిన రెండు చేతులు. 2016 ఆగస్టు 21న రియో ఒలింపిక్స్ మారథాన్‌లో రజతం గెలిచిన ఫెయిసా లిలెసా గీత దాటుతూ అదే చూపించాడు. అక్టోబరులో అత్యవసర పరిస్థితి పెట్టిన సర్కారు ఆ చేతుల గుర్తును కూడా నిషేధించింది. ఒక డిజైన్‌కు ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి?

ఆ గుర్తుకు కాగితం అక్కర్లేదు, రంగు అక్కర్లేదు. నల్లటి నీడగా గీసినా, వేలిగోరంత డీపీలో పెట్టినా తెలిసిపోతుంది. వాళ్ల బొమ్మల్లో కనిపించే తక్కినవీ కంప్యూటర్ ముందు కూర్చుని పుట్టించినవి కావు. ఎనిమిదేళ్లకోసారి అధికారం చేతులు మారే ‘గదా’ అనే వాళ్ల సంప్రదాయ పాలనా వ్యవస్థలో సభలు జరిగే ఓడా చెట్టు, పెళ్లినాడు ఆడపిల్ల చేతికిచ్చే సీంకే కర్ర, నలుపు ఎరుపు తెలుపు రంగులు, అన్నీ అప్పటికే జనం ఎరిగినవి.

వాళ్ల చేతుల గుర్తును మనం ఎత్తుకురానక్కర్లేదు. అది సంకెళ్ల సంగతి, మనది నీళ్ల సంగతి. ఖాళీ బిందెలతో రోడ్డెక్కడం సీమ ఆడవాళ్లకు కొత్త కాదు కదా. బోర్లించిన బిందెనే గుర్తు చేసుకోవచ్చు. గీయడానికి ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల పద్ధతి సరిగ్గా సరిపోతుంది: పక్క నుంచి చూసిన ఆకారం, దిట్టమైన అంచు, వెలుతురు వచ్చే చిల్లులు. 1080 పిక్సెళ్ల చదరంలో అంచు గీత 10 పిక్సెళ్లకు, చిల్లుకు పెట్టే చుక్క 14కు తగ్గకూడదు, చుక్కల మధ్య ఖాళీ కూడా అంతే ఉండాలి. ఇంకా చిన్నవైతే డీపీలో కలిసిపోయి మరకలా కనిపిస్తాయి. మెడను ఉన్నదానికంటే సన్నగా, మూతి అంచును వెడల్పుగా గీయాలి. ఉన్నదున్నట్టు గీస్తే చిన్న సైజులో అది బిందో గుమ్మడికాయో తెలియదు. డీపీ గుండ్రం కాబట్టి మూలల్లో ఏమీ పెట్టకూడదు.

రంగుల దగ్గరే ఎక్కువ పోస్టర్లు చెడిపోతున్నాయి. నలుపు మీద ఎర్ర అక్షరాలంటే మనవాళ్లకు మహా మోజు. ఫోన్లలో మామూలుగా తిరిగే జేపెగ్ రకం బొమ్మను కుదించేటప్పుడు వెలుగు నీడల వివరం చాలావరకు నిలుస్తుంది, రంగు వివరం మాత్రం మామూలుగా నిలువునా అడ్డంగా సగానికి పడిపోతుంది. నలుపు మీద ఎరుపుకు తేడా ఎక్కువగా రంగులోనే ఉంది కనుక నాలుగుసార్లు సేవ్ చేసి మళ్లీ పంపేసరికి వత్తులు అలుక్కుపోతాయి. నలుపు మీద తెలుపో పసుపో వాడి, ఎరుపును పెద్ద ఆకారాలకు ఉంచుకోవాలి. తెలుపు మీద పసుపు అక్షరాలు ఎండలో అసలు కనబడవు.

ఇక అక్షరాలు. డిటిపిలో వాడే పాత పద్ధతి అను ఫాంట్లలో కొట్టిన మేటర్ ఫోన్ యాప్‌లో అతికిస్తే పిచ్చిగీతలే. ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోనే కొట్టాలి. శీర్షికకు రామభద్ర ఫాంటు, కింది మాటలకు మండలి ఫాంటు, రెండూ ఉచితమే. పాత ఫోటోషాప్ వెర్షన్లలో ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఆన్ చేయకపోతే వత్తులు విడిపోతాయి. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగలకుండా అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు వరుస దూరం పెట్టాలి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. పోస్టుకు 1080×1350, స్టేటస్‌కు 1080×1920. స్టేటస్‌లో పైనా కిందా 250 పిక్సెళ్లు ఖాళీగా వదలాలి, అక్కడ పేరూ బటన్లూ వచ్చి కూర్చుంటాయి. మొత్తం పన్నెండు మాటలు దాటితే ఎవరూ చదవరు.

ఊరిపేరు, తేదీ బొమ్మలోనే ఉండాలి, అదీ మధ్యలో. అంచున పెడితే ఎవరో కత్తిరించి పాత ధర్నాను కొత్తదిగా తిప్పుతారు. ముఖాలు దాచాల్సి వస్తే బ్లర్ నమ్ముకోవద్దు, నిండు రంగు పట్టీ వేసి ఆ కాపీనే పంపాలి. బిందె బొమ్మను డాక్యుమెంటుగా పంపితే నాణ్యత పోదు. ధర్నా ఫొటోను మాత్రం అలా పంపవద్దు. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండగా తీసినదైతే, తీసిన చోటు వివరం కూడా దాంతోపాటే వెళ్తుంది.

— పోస్టర్లు చేసే కొందరు డిటిపి పనివాళ్లం, అనంతపురం