కథ కింద నీతి తీసేయండి, కాస్త ప్రాస పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పిల్లల పేజీ గురించి ఒక మాట చెప్పాలండి. కథ బాగానే మొదలవుతుంది, కుందేలో నక్కో అల్లరి చేస్తుంటుంది, సరిగ్గా మజా వచ్చేసరికి కింద లావుపాటి అక్షరాల్లో ‘నీతి’ అని ఒకటి తగిలిస్తారు. రెండో తరగతి చదివే మా మనవరాలు ఆ లైను వదిలేసి పేజీ తిప్పేస్తుంది.

అదే పిల్ల, అమెరికా పిల్లల రచయిత డాక్టర్ స్యూస్ రాసిన టోపీ పిల్లి పుస్తకం (‘ద క్యాట్ ఇన్ ద హ్యాట్’) పట్టుకుంటే అన్నానికి పిలిచినా కదలదు. బయట వాన, అమ్మ ఇంట్లో లేదు, ఎరుపు తెలుపు చారల పొడవాటి టోపీతో ఓ పిల్లి పిలవని పేరంటానికి వచ్చినట్టొచ్చి ఇల్లంతా కిష్కింధ చేసేస్తుంది. ‘వద్దు, అమ్మ లేనప్పుడు ఇదేం పని’ అని మొత్తుకునేది తొట్టెలో చేప ఒక్కటే, చివరికి అదే వెళ్లి టీ పాత్రలో పడుతుంది. సుద్దులు చెప్పేదానికి ఆ గతి పట్టించాడు చూడండి! పిల్లిది మాత్రం అచ్చం మా గోదావరి ఎటకారం. పోతూ పోతూ అంతా అదే సర్దేస్తుంది. అమ్మ వచ్చి ఏం చేశారర్రా అంటే చెప్పాలా వద్దా, మీరైతే ఏం చేస్తారు అని చదివేవాళ్లనే అడిగి కథ ఆపేస్తాడు. మా పిల్ల జవాబు: ‘చెప్పేస్తా, తమ్ముడు చేశాడని చెప్తా.’

1957లో వచ్చిన ఆ పుస్తకం మొత్తంలో వాడిన వేర్వేరు మాటలు 236. వేర్వేరు మాటలు 50 దాటకుండా కథ రాయలేవని ప్రచురణకర్త 50 డాలర్లు పందెం కడితే, 1960లో పచ్చ గుడ్ల కథ రాసి పందెం గెలిచాడాయన. పిల్లి కథ నడక మన ఛందస్సు లెక్కలో స గణం లాంటిది, రెండు తేలిక, ఒకటి బరువు, అందుకే ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పిల్ల కూడా తలూపుతూ చదివేస్తోంది. మీ పేజీలో మాత్రం ‘పశ్చాత్తాపం’ దగ్గర వేలు పెట్టి ఆగిపోతుంది, ఒత్తు వెంట ఒత్తు, పాపం ఎక్కడని పలుకుతుంది? కాళ్లాగజ్జె ఆడేటప్పుడు అర్థం ఎవరడిగారండీ, మోత బాగుంటే చాలు కదా.

ఆయన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. కొన్ని జాతులవాళ్లని కించపరిచే బొమ్మలున్నాయని 2021లో ఆయనవి ఆరు పుస్తకాల ముద్రణ ఆపేశారు, మంచి పనే. ఆయనా నీతి చెప్పకపోలేదు, 1971 నాటి చెట్ల కథ అదే కదా, కానీ అడవంతా నరికేశాక మిగిలిన ఒక్క గింజని పిల్లాడి చేతిలో పెట్టి ఊరుకున్నాడు.

కాబట్టి నెలకో ఆదివారమైనా ఒత్తుల్లేని మాటలతో, అంత్యప్రాసలతో ఓ అల్లరి కథ వేయించండి. బొమ్మ కాస్త పెద్దది పెట్టించండి, కింద నీతి మాత్రం వద్దు.

ఓ అమ్మమ్మ,
ముమ్మిడివరం