విశాఖలో ఉన్న అమ్మాయికి, తిండి గురించి

హనుమకొండ

బిడ్డా,

రోజూ రాత్రి రూముకే ఫ్రైడ్ రైస్ తెప్పించుకుంటున్నానని నువ్వు చెప్తే మీ నాన్న నవ్వారు గానీ నాకు ఒళ్ళు మండింది. సముద్రం పక్కనున్న ఊరికి వెళ్ళి, మన చౌరస్తాలో దొరికే ఫ్రైడ్ రైసే తినాలా? ఫోన్‌లో చెబుదామంటే నీకు క్యాబ్ వచ్చేస్తుంది. అందుకే రాస్తున్నాను. ఇంకా చాలా రోజులు అక్కడే ఉంటావుగా, తీరిక దొరికినప్పుడు చదువుకో.

బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ డ్యూటీ చేసేటప్పుడు ఉత్తరాంధ్ర బ్రాంచీలు తిరగడానికి వైజాగే నాకు మకాం. అయినా ఫలానా హోటల్‌కి వెళ్ళమని చెప్పను. బోర్డు మీద పేరు ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, వంటమాస్టర్ మాత్రం జీతం ఎక్కువ ఇచ్చే చోటికి వెళ్ళిపోతాడు. నేను తిన్న రుచి ఇప్పుడు ఏ వంటింట్లో ఉందో ఎవరికి తెలుసు?

ఏ హోటల్ ముందు నిలబడినా, ఇక్కడికి రేపు మళ్ళీ వచ్చేవాళ్ళు ఎవరా అని ఆలోచించు. రైల్వే స్టేషన్ ఎదుట ఇవాళ తిన్నవాడు రేపు ఏ ఊళ్ళో ఉంటాడో. పప్పు నీళ్ళలా ఉన్నా అడిగే దిక్కుండదు. బీచ్ ఎదురుగా ఉండేవీ చాలావరకు అంతే, పైగా సముద్రం కనిపించినందుకు కూడా డబ్బులు తీసుకుంటారు. అదే మహారాణిపేట వైపు చూడు. కలెక్టరేట్, కోర్టులు, 1923 నుంచి ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి అన్నీ ఆ చుట్టుపక్కలే. గుమాస్తాలు, నర్సులు, ప్లీడర్లు రోజూ తినే మెస్సులో చారు కాస్త ఉప్పగా ఉన్నా కౌంటర్ దగ్గర పంచాయితీ మొదలవుతుంది. ప్లీడర్లతో పంచాయితీ ఎవరికి కావాలి చెప్పు! సిటీలో పని ఉన్న రోజు మధ్యాహ్నం అటు వెళ్ళు. పన్నెండున్నరకల్లా కూర్చో. రెండున్నర దాటితే కూరలు అడుగంటుతాయి, సాంబారులో నీళ్ళు పెరుగుతాయి. ఆదివారం మాత్రం వద్దు, ఆఫీసులు ఉండవు కాబట్టి వండేదే తక్కువ.

నువ్వుండే ద్వారకానగర్ కోచింగ్ పిల్లల అడ్డా. టిఫిన్లు పెనం మీంచి నేరుగా ప్లేట్లోకి వస్తాయి, ఆ మాటకొస్తే అది మంచిదే. కానీ కుర్రాళ్ళ గుంపును మాత్రమే చూసి నమ్మకు. వాళ్ళు రుచి కంటే ముందు రేటు చూస్తారు, నూనె సంగతి అసలు పట్టించుకోరు. స్కూలు పిల్లలతో వచ్చిన అమ్మలు, రిటైరైన పెద్దాయనలు కూడా ఆ గుంపులో ఉంటే ధైర్యంగా వెళ్ళు.

పరవాడ వెళ్ళేటప్పుడు గాజువాక, కూర్మన్నపాలెం దారిలోనే కదా. స్టీల్ ప్లాంట్ షిఫ్టులకు వెళ్ళేవాళ్ళ కోసం ఆ వైపు పొద్దున్నే పొయ్యి వెలిగిస్తారు. క్యాబ్ డ్రైవర్‌ని "మంచి హోటల్ ఎక్కడ?" అని అడిగితే నీ ల్యాప్‌టాప్ బ్యాగు చూసి ఏసీ హోటల్‌కే తీసుకెళ్తాడు. "అన్నా, పొద్దున మీరెక్కడ టిఫిన్ చేశారు?" అని అడుగు. నేను బ్రాంచీల్లో అటెండర్‌ని అడిగేదాన్ని. మేనేజర్ని అడిగితే ఆయనే పిలిచి బిల్లు కట్టేస్తాడు, ఆ భోజనం తిని రిపోర్టు ఎలా రాస్తాం? నువ్వూ ఆడిట్‌కే వెళ్ళావు కాబట్టి ఈ మాట గుర్తుంచుకో.

అక్కడ పూరీకే కాదు, ఇడ్లీకీ బొంబాయి చట్నీ వేస్తారు, మొహం చిట్లించకుండా తిను. పెసరట్టు పొద్దున్నే తినాలి. సాయంత్రానికి ఆ పిండి పులిసిపోతుంది.

ఇక చేపలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రోజుల్లో హోటళ్ళలో ఐసులో పెట్టిన సరుకే ఎక్కువగా నడుస్తుంది. నువ్వు నిషేధం అయ్యాక వెళ్ళావు, నీ అదృష్టం. మెనూ చూసి ఆర్డర్ ఇవ్వకుండా "ఇవాళ ఏం చేప వచ్చింది?" అని అడుగు. కోనాం, చందువ, రొయ్యలు, పీతలు అన్నీ ఉన్నాయంటే నేనైతే కాస్త అనుమానిస్తాను. "ఇవాళ కోనాం రాలేదండీ" అని చెప్పే సర్వర్ దొరికితే ఆ హోటల్‌ని వదలకు. ఫ్రై అడిగితే తాజా చేపే ఉండాలి, పాతదైతే మొదటి ముక్కలోనే వాసన తెలిసిపోతుంది. పులుసు సంగతి వేరు. నిన్న సాయంత్రం కాచిందైనా కంగారు పడకు, చింతపండు పులుపు ముక్కకు పట్టేది మర్నాటికే.

ఫోన్‌లో రేటింగులు చూడొద్దని అనను. చుక్కలు లెక్కపెట్టడం మానేసి, ఈ మధ్య రాసినవి ముందు చదువు. జనం ఏదో ఒక వంటకం పేరు పెట్టి మెచ్చుకుంటే అది తినడానికే వెళ్ళు. లైటింగ్ బాగుంది, ఫొటోలు బాగా వచ్చాయి అని రాసి ఉంటే అది పుట్టినరోజు పార్టీలకు పనికొచ్చే హోటల్.

ఒక్కదానివే కూర్చోవడం ఇబ్బంది అన్నావు. మా రోజుల్లో ఆడవాళ్ళు ఒంటరిగా వస్తే తెర కట్టిన ఫ్యామిలీ రూములోకి తోసేవాళ్ళు. గాలి ఉండదు, సర్వర్ ఆ వైపు తొంగిచూడడు. కొన్నాళ్ళకు నేను కౌంటర్‌కి ఎదురుగా ఉన్న బల్ల అడగడం నేర్చుకున్నాను. ఓనర్ కళ్ళెదుట ఉంటే వడ్డన కూడా ముందే వస్తుంది. చేతులు కడుక్కునే చోటు ఒకసారి చూసి మరీ కూర్చో. అది జిడ్డుగా ఉంటే వంటిల్లు చూడక్కర్లేదు. గోడ మీది ఫుడ్ లైసెన్సు కంటే నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను, ఇన్‌స్పెక్షన్ చేసిన మనిషినై ఇలా అనకూడదనుకో.

బీచ్‌లో మురీ మిక్చర్ తింటే ఉల్లిపాయ, టమాటా నీ ముందే తరగమని చెప్పు. బిల్లులో సర్వీస్ ఛార్జి వేస్తే తీసెయ్యమని మర్యాదగా అడుగు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. చిన్న మెస్సుల్లో జీఎస్టీ బిల్లు ఇవ్వరు. దానికోసం మంచి భోజనం వదులుకోకు, చేత్తో రాసిన రసీదు చెల్లుతుందో లేదో మీ అకౌంట్స్ వాళ్ళను ముందే అడిగిపెట్టుకో.

గోదావరి ఎక్కే రోజు రాత్రి భోజనం ఊళ్ళోనే పార్సిల్ కట్టించుకో, పెరుగు విడిగా పెట్టించు. మీ నాన్న మాడుగుల హల్వా తెమ్మంటున్నారు. పావుకిలో చాలు, ఆయన షుగర్ సంగతి నీకు తెలుసు.

అమ్మ