ఓడెక్కిన ఆపిల్‌కి రేటెంత? న్యూజిలాండ్ వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ఇక్కడి హాక్స్ బే ప్రాంతంలో చిన్న ఆపిల్ తోట చేసుకుంటున్న తెలుగు రైతుని. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుఫాను కోతకొచ్చిన తోటల్ని బురదలో ముంచేసింది. మళ్లీ నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది, అప్పు మాత్రం ఆగదు.

అంతకన్నా బాధ ధరది. దేశం చిన్నది, పంటలో ఎక్కువ భాగం ఓడెక్కాల్సిందే. ఎగుమతి కంపెనీకి కాయ అప్పగించే రోజు మాకు రేటు తెలియదు. ఎక్కడో అమ్ముడయ్యాక ప్యాకింగ్, కోల్డ్ స్టోరేజీ, ఓడ కిరాయి, కమీషన్ పోగా మిగిలిందే మాది. గుంటూరు యార్డులో మా మిర్చి రైతు కనీసం అమ్మిన రోజే రేటు వింటాడు. ఇక్కడ నెలల తరబడి టెన్షన్.

పెట్టెకి ఏ ఖర్చు ఎంత పట్టుకుంటారో కోతకు ముందే రాసివ్వాలని నిబంధన పెట్టండి. వచ్చే సీజన్‌కే కావాలండీ.